కొసరు పాట

కాకినాడలో సగం ఊరికి పాటలు పంచిన భానోజీరావుకు ముసలితనంలో పాటలు పోయాయి.

చెవులు పోలేదు. చెవులు నిక్షేపంలా ఉన్నాయి. వంటింట్లో భార్య సణుగుడు వీధి అరుగు మీదకి వినిపించేటంత నిక్షేపంలా ఉన్నాయి. గొంతూ పోలేదు. అడిగితే ఏ పాటైనా శ్రుతి తప్పకుండా పాడేస్తాడు. పోయిందల్లా, పాట వింటే మనిషి లోపల ఏదో కదులుతుంది చూడండి, అది. జ్వరం మెదడుకెక్కి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు ఆసుపత్రి నుంచి బయటపడ్డాడు. ఇంటికొచ్చిన మర్నాడు అలమారలోంచి ఓ క్యాసెట్టు తీసి, టేప్ రికార్డరు ముందు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. పల్లవి పూర్తికాకుండానే లేచి ఆపేశాడు.

"రత్నం, టేపు పాడైనట్టుందే" అన్నాడు భార్యతో.

టేపు పాడవలేదు. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. మరోటి పెట్టాడు. సాయంత్రానికి పాడైనదేమిటో ఆయనకే అర్థమైంది. వినే చోటికీ సంతోషపడే చోటికీ మధ్య ఉండే దారి కాలిపోయిందనీ, అది మళ్ళీ పడదనీ డాక్టర్లు తేల్చారు.

"ఎలా ఉంటుంది బాబాయ్, వింటుంటే?" అని హైమ అడిగింది.

"ఉప్పు లేని పప్పులా ఉంటుందనుకుంటున్నావు కదూ? అది కాదే. విస్తరేశారు, అన్నీ వడ్డించారు, అందరూ లొట్టలేస్తున్నారు. నాకు నోరే లేదు."

ఆ మాట హైమకు గుండెల్లో గుచ్చుకుంది. హైమ ఆయన అన్నగారి కూతురు. తండ్రికి రైల్వేలో ఊరూరా బదిలీలు కావడంతో రెండో తరగతి నుంచి ఇంటరు దాకా బాబాయి ఇంట్లోనే పెరిగింది. బాబాయికీ సీతారత్నం పిన్నికీ పిల్లల్లేరు. ఉన్న ముద్దంతా హైమకే చెల్లింది. చదువుకుని, ఊళ్ళు తిరిగి, చివరికి కాకినాడలోనే ఓ పరిశోధన కేంద్రంలో మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్తగా కుదురుకుంది. ఆమె పరిశోధన కూడా సరిగ్గా ఈ సంగతి మీదే. పాట వింటే మనిషి ఎందుకు పులకరిస్తాడన్నదే ఆమె ప్రశ్న. దేవుడికి ఎకసెక్కాలెక్కువ అని పిన్ని ఊరికే అనదు.

బాబాయి ఇంటి ముందుగదిలో ఒకప్పుడు రికార్డింగ్ సెంటరు ఉండేది. ఖాళీ క్యాసెట్టు పట్టుకుని జనం వచ్చేవారు. కావలసిన పాటలు చెబితే బాబాయి ఎక్కించి ఇచ్చేవాడు. పెళ్ళి కుదిరినవాళ్ళకి ఒక వరస, పరీక్ష తప్పినవాళ్ళకి ఒక వరస. "మీరు చెప్పిన రెండో పాట తీసేద్దామండీ, అది వింటే మీకు మళ్ళీ ఆవిడే గుర్తొస్తుంది" అని మొహమాటం లేకుండా చెప్పేవాడు. డాక్టరు మాట కాదన్నా బాబాయి మాట కాదనేవారు కాదు.

క్యాసెట్టు చివర కాస్త టేపు మిగిలిపోతుంది కదా, దాన్ని ఖాళీగా వదలడం ఆయనకి ఇష్టముండేది కాదు. కూరల బేరం అయ్యాక బుట్టలో నాలుగు మిరపకాయలు కొసరు వేసినట్టు, అక్కడ ఒక పాట ఊరికే ఎక్కించేవాడు. ఎప్పుడూ ఒకటే పాట. వారం రోజులాడి వెళ్ళిపోయిన సినిమాలోది, పొడుగాటి వేణువుతో మొదలయ్యేది. అందుకే ఆ వేణువు పాట తెలియని ఇల్లు ఊళ్ళో లేదు, ఆ సినిమా చూసినవాడూ ఊళ్ళో లేడు. అది బాబాయీ పిన్నీల సొంత పాట అని ఇంట్లో అందరి లెక్క. అది వస్తుంటే బాబాయి వంటింటి వైపు ఓరగా చూడటం హైమకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

* * *

హైమ చేసిన యంత్రాన్ని పరిశోధనశాలలో అందరూ టోపీ అనే అంటారు. తలకి బిగుతుగా పట్టే నైలాను టోపీ, దాన్నిండా దారాల్లాంటి తీగలు. "జనానికి చెప్పి మరీ టోపీ పెట్టే చోటు ఇదొక్కటేనండి" అని ఆమె దగ్గర ఇంజనీరుగా ఉన్న ఇమ్మానుయేలు వచ్చినవాళ్ళతో పరాచికాలాడేవాడు.

ఇష్టమైన పాట వింటుంటే మెదడులో ఏ మూల ఏం కదిలిందో ఒక టోపీ రాసుకుంటుంది. దాన్ని రెండో టోపీ ఇంకొకరి తలలో అంటుకడుతుంది, మామిడి మొక్కకి అంటుకట్టినట్టు. మొట్టమొదట అది పట్టింది అప్పన్నదొర పాట.

అప్పన్నదొర మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన ఎంచుకున్నది ఒక హాస్యపు పాట. నాయికా నాయకులు ఒకరినొకరు తిట్టుకుంటూ పాడుకునేది. పాట మొదలవగానే గదిలో అందరికీ నవ్వొచ్చింది. అప్పన్నదొర మాత్రం భోరున ఏడ్చాడు. టోపీ అంతా రాసుకుంది. తర్వాత ఇమ్మానుయేలు రెండో టోపీ పెట్టుకుని అదే పాట విన్నాడు. వింటూ వింటూ దిగ్గున లేచాడు. గదిలో ఉన్నవాళ్ళందరి భుజాలూ తడిమి చూసి, "అందరూ దిగారా? ఎవరికీ ఏం కాలేదు కదా?" అని కేకేశాడు.

అప్పన్నదొర నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మలుపు దగ్గర బ్రేకులు పోయి, ఆయన బస్సు కొండ పక్కకి ఒరిగి ఆగింది. అందరూ బతికారు. అందరూ దిగేదాకా బస్సులో ఆ తిట్ల పాట మోగుతూనే ఉంది, ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ ఆనందాన్నే ఇమ్మానుయేలు తన ఒంట్లో అనుభవించాడు. ఆ రోజు హైమకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

కొన్నాళ్ళకి అప్పన్నదొర మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, మొన్న ఆ పాట పెట్టుకున్నానండి. నవ్వొచ్చిందండి."

"అది నవ్వొచ్చే పాటే కదండీ."

"అదేనండి, ఇన్నేళ్ళూ నాకు తెలీలేదు. బ్రేకులు పోయిన సంగతి గుర్తుందండి. కానీ ఎవరి బస్సుకో పోయినట్టుందండి." తువ్వాలు భుజాన వేసుకుని, "తిరిగిచ్చేయడానికి వీలవుద్దేమో చూడండమ్మా" అన్నాడు.

చూశారు. వీలు కాలేదు. ఇష్టమైన పాట వినబడగానే పాత గుర్తు తడిమట్టిలా మెత్తబడుతుంది. పాట అయ్యాక మళ్ళీ తనంతట తానే గట్టిపడుతుంది. టోపీ అంతా రాసుకోవడానికి దాన్ని ఆపి ఉంచే సమయంలో అది తడారిపోయి పొడిపొడిగా రాలిపోతోంది. ఊడిన చోట మళ్ళీ అంటు పట్టడం లేదు. హైమ ఆ ముసలాయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పనిచేసింది. ఆయన "పోన్లెండమ్మా" అన్నాడు గానీ పోన్లెమ్మనుకోలేదని మొహం చూస్తేనే తెలిసింది. ఇమ్మానుయేలు అయితే ఇప్పటికీ ఆ పాట టీ కొట్టు దగ్గర వినిపిస్తే గ్లాసు కింద పెట్టేసి కళ్ళు తుడుచుకుంటాడు.

పై కమిటీ ప్రయోగాలన్నీ ఆపించింది. ఒక్క వెసులుబాటు మాత్రం ఉంచింది. జబ్బుతో పాట పోగొట్టుకున్న మనిషికి, రక్తసంబంధీకులో జీవిత భాగస్వామో, నష్టం తెలిసి ఇస్తామంటే ఇవ్వొచ్చు. రాసుకోకుండా, పాటకి మెదడు ఎంత కదిలిందో తెర మీద గీతగా చదవడం వరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. తీసి పెట్టడంలోనే ఉంది తంటా అంతా.

* * *

ఈ సంగతి పిన్నికి చెప్పడం హైమ చేసిన తెలివితక్కువ పని.

"ఐతే నాది తీసి ఆయనకి పెట్టెయ్" అంది సీతారత్నం, దొండకాయలు తరుగుతూ.

"నీది పోతుంది పిన్నీ. ఇంక ఆ పాట వింటే నీకేమీ అనిపించదు."

"పోతే పోయింది. నేనేమన్నా కచేరీలు చెయ్యాలా?" కత్తిపీట మీంచి తలెత్తింది. "నువ్వు రోజూ చూడవు హైమా. పొద్దున్నే లేచి ముందుగదిలో కూర్చుంటారు. ఒక్కో క్యాసెట్టూ తీసి, తుడిచి, పెట్టిన చోటే పెట్టేస్తారు. వినరు. ఎవరైనా పాత ఖాతాదారు పలకరించడానికొస్తే, 'పనిమీద బయటికెళ్తున్నానండీ, తర్వాత రండి' అని అబద్ధం చెప్పి పంపించేస్తారు. ఆ మనిషి అబద్ధమాడటం నేనెప్పుడైనా చూశానా?"

ఆ వేణువు పాటని పిన్ని తలలోంచి పెరకడం తనవల్ల కాదని హైమకి అనిపించింది. అది లేకపోతే ఆ ఇంట్లో ఏం మిగులుతుంది? అలా అని ఊరుకుంటే పిన్ని ఊరుకునే రకం కాదు. అందుకని ముందు తనే దిగింది.

హైమది జట్కా పాట. పాత నలుపు తెలుపు సినిమాలోది, టకటకమంటూ గుర్రపు డెక్కల చప్పుడుతో నడిచేది. బాబాయి ఆమెని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తూ రోజూ అదే పాడేవాడు, నాలుకతో డెక్కల చప్పుడు చేస్తూ. ఊరంతా చూస్తున్నా ఆయనకి పట్టేది కాదు. ఎన్నేళ్ళు గడిచినా ఆ పాట వింటే హైమకి కాళ్ళు గాల్లో ఊగుతున్నట్టుండేది. పెళ్ళిలో, పిల్లాడు పుట్టినప్పుడు, తండ్రి పోయినప్పుడు ఆ పాటే ఆమెని పట్టుకుని నిలబెట్టింది.

ఇచ్చేసింది. తనది పోతుందని బాబాయికి చెప్పలేదు. ఇమ్మానుయేలు వద్దన్నట్టు తలాడించినా వినలేదు.

భానోజీరావు టోపీ పెట్టుకుని, నమ్మకం లేని మొహంతో కూర్చున్నాడు. డెక్కల చప్పుడు మొదలైంది. ఆయన చేతులు కుర్చీ అంచుల్ని గట్టిగా పట్టుకున్నాయి. పాదాలు నేలమీంచి లేచాయి. అరవై దాటిన మనిషి, పంచె ఎగ్గట్టుకుని, రెండు కాళ్ళూ చిన్నపిల్లలా ఊపడం మొదలుపెట్టాడు.

"ఒసేయ్ హైమా! నా చొక్కా అంత స్పిరిటు కంపు కొట్టేదా?"

"టేప్ రికార్డరు తుడిచే స్పిరిటు బాబాయ్. నాకిష్టం ఆ వాసన."

"నా వీపు కనపడాలి కదే, చేతులు కనపడుతున్నాయేం? ఓహో... కడ్డీ మీద కూర్చుంటే చేతులే కనపడతాయి. రెండు పక్కలా రెండు చేతులు. ఇంక పడనులే అని ఎంత ధీమా!" నవ్వుతున్నవాడల్లా ఏడ్చాడు. "ఇంతలా నమ్మావా నన్ను? ఆ సైకిలుకి బ్రేకు కూడా ఉండేది కాదే!"

అందరూ నవ్వారు. "మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు" అని ఆయన పాటని మూడోసారి కూడా పెట్టించాడు. ఆ మూడోసారి మధ్యలో కళ్ళు తెరిచి హైమని చూశాడు. ఆమె బస్టాండులో బోర్డు చదువుతున్న మనిషిలా నిలబడి ఉంది. పాటలు అమ్మి బతికినవాడు కదా, వింటున్న మొహమేదో వినని మొహమేదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"నీకేమైంది?"

హైమ చెప్పక తప్పలేదు.

భానోజీరావు జీవితంలో మొదటిసారి ఆమె మీద కేకలేశాడు. "ఎవరడిగారే నిన్ను? నా నోరు పోతే నీ నోట్లో ముద్ద లాక్కుని తినమన్నానా? నేనంత కక్కుర్తి మనిషినా?" అని టోపీ తీసి విసిరి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం హైమ ఒక్కతే కూర్చుని జట్కా పాట పెట్టుకుంది. బాగానే ఉంది, పాతకాలపు పాట. సైకిలు గుర్తుంది, బాబాయి గుర్తున్నాడు. కాళ్ళు మాత్రం నేలమీదే ఉన్నాయి. ఆమెకి ఏడుపొచ్చింది, పాటకి కాదు.

* * *

అక్కడితో కథ ఆగాల్సింది. కానీ సీతారత్నానికి అసలు పట్టుదల అక్కడే మొదలైంది.

ఇప్పుడు బాబాయి రోజూ ముందుగదిలో జట్కా పాట పెట్టుకుంటున్నాడు. వింటున్నంతసేపూ మొహం వెలిగిపోతుంది. అయ్యాక హైమ గుర్తొచ్చి కుంగిపోతాడు. ఇది ఎన్నాళ్ళు చూస్తుంది ఆవిడ? పైగా లోపల చిన్న ఉడుకుమోత్తనం కూడా ఉంది. కూతురి పాట వచ్చింది, పెళ్ళాం పాట రావద్దూ?

ఓ రోజు క్యారేజీ నిండా అన్నం కూరలు సర్దుకుని, భర్తని ఆటోలో కూర్చోబెట్టుకుని పరిశోధనశాలకి దిగింది.

"ముందు అందరూ తినండి. తర్వాత నా తలకాయనేం చేస్తారో చేసుకోండి."

"నేను పెట్టించుకోను" అన్నాడు భానోజీరావు, గోడవైపు తిరిగి. "పిల్లది పోగొట్టుకుంది చాలు."

"మీరు పెట్టించుకోకపోతే ఈ అబ్బాయికి పెట్టమంటాను. వృథాగా పోనివ్వను."

"బాబోయ్ పిన్నిగారూ, నా దగ్గర ఆల్రెడీ ఒక బస్సుందండీ" అన్నాడు ఇమ్మానుయేలు.

నవ్వులయ్యాక హైమ ఇద్దరికీ సర్ది చెప్పింది. ఇవాళ్టికి చదవడం మాత్రమే, తియ్యడం లేదు. చదవడంలో ఏ నష్టమూ లేదు. పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, జడ పక్కకి లాగి టోపీ తొడిగింది. రేపు ఈ పాటనే తియ్యమని పిన్ని పట్టుబడుతుంది. కమిటీ నియమం ప్రకారం కాదనడానికి తనకి కారణమూ లేదు.

వేణువు పాట మొదలైంది. తెర మీద పచ్చగీత సాఫీగా సాగుతోంది. పొడుగాటి వేణువు అయింది. పల్లవి అయింది. గీత లేవలేదు. మొదటి చరణమైంది. సీతారత్నం బియ్యంలో రాళ్ళేరుతున్నంత నింపాదిగా కూర్చుంది. ఇమ్మానుయేలు తీగలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. హైమ పాట మధ్యలో ఆపేసింది.

"పిన్నీ, నీకీ పాట ఇష్టం లేదా?"

సీతారత్నం భర్తని చూసింది, కిటికీని చూసింది. "ఇష్టం లేదని ఎవరన్నారు? ఆయనకిష్టం కదా, ఉండనీ అని..."

"నాకా!" భానోజీరావు గోడవైపు నుంచి గిర్రున తిరిగాడు. "నాకెక్కడిష్టమే? ఆ వేణువువాడు రెండో చరణానికి ముందు శ్రుతి తప్పుతాడు! పెళ్ళైన కొత్తలో నువ్వే కదా బాగుందన్నావు?"

"కొత్తకోడల్ని. మీరు మొట్టమొదటిసారి ఓ పాట వినిపించి ఎలా ఉందని అడిగారు. పక్కనే మీ అమ్మగారు ఉన్నారు. బాగాలేదంటానా?"

"మరి ఇన్నేళ్ళూ నోరెందుకు విప్పలేదు?"

"మీరు అంత మురిసిపోతూ పెడుతుంటే ఎలా చెప్పనండీ?"

"నువ్వు మురిసిపోతున్నావని పెట్టానే! నీకిష్టమని ఊళ్ళో ప్రతి క్యాసెట్టు చివరా ఆ దరిద్రాన్ని ఎక్కించాను! సగం ఊరికి అంటించాను కదే!"

"మా ఇంట్లో కూడా ఉందండి" అన్నాడు ఇమ్మానుయేలు, నవ్వు ఆపుకోలేక.

హైమకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళ దాంపత్యం, ఊరు ఊరంతా వీళ్ళిద్దరిదీ అనుకున్న పాట, చూడబోతే ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేనిది. ఏదో ఒకటి మిగిలి ఉంటుందేమోనని, "ఈసారి ఎవరూ మాట్లాడొద్దు, మొత్తం వినిపిద్దాం" అంది.

మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. గీత ఎక్కడా ఉలకలేదు. రెండో చరణానికి ముందు వేణువు శ్రుతి తప్పిన చోట భానోజీరావు మాత్రం ఇబ్బందిగా కదిలాడు. పాట పూర్తయింది. గదిలో ఏసీ చప్పుడు మిగిలింది. ఇమ్మానుయేలు యంత్రం కట్టెయ్యడానికి చెయ్యి చాపాడు.

అప్పుడు లేచింది గీత. అప్పన్నదొరకి లేచినంత, హైమకి లేచినంత. లేచి, కిందికి దిగకుండా అక్కడే నిలబడింది.

"పాట అయిపోయింది కదా మేడమ్, ఇదేంటి?"

యంత్రం తప్పనుకుని మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. పాట ఉన్నంతసేపూ ఏమీ లేదు, పాట ఆగగానే లేస్తోంది.

హైమ వచ్చి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. "పిన్నీ, పాట అయిపోయాక నీకేమవుతుంది?"

"ఏమవుతుందీ... అన్నం వడ్డించాలి." సీతారత్నం పమిట కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకుంది. పరాయి మనిషి ఉన్నాడని గొంతు తగ్గించి, ఇంక దాచి లాభం లేదన్నట్టు చెప్పింది. "పొద్దుటి క్యాసెట్లన్నీ అయ్యాక ఆఖర్న వాటన్నిటి చివరా వరసగా ఈ కొసరు పాట ఎక్కించేవారు. అది అయిపోతే ఇంక సాయంత్రం దాకా పనిలేదు. షట్టరు సగానికి దించి లోపలికొచ్చేవారు. అత్తగారు అప్పటికి తినేసి పడుకునేది. నువ్వు బళ్ళో ఉండేదానివి. మిగతా రోజంతా ఆ ఇంట్లో జనమే కదే, వచ్చేవాళ్ళూ పొయ్యేవాళ్ళూ. ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని నాలుగు మాటలాడుకునే వేళ అదొక్కటే. వంటింట్లో కూర్చుని, ఈ మాయదారి పాట ఎప్పుడైపోతుందా అని చూసేదాన్ని."

తెర మీద గీత ఇంకా నిలబడే ఉంది.

"సరే, అదే తియ్యి" అంది సీతారత్నం, మామూలు గొంతుతో. "పాట కాకపోతేనేం? ఉన్నదే ఇస్తాను. ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తే చాలు నాకు."

హైమ లేచింది. ఇవ్వడానికి మనిషి సిద్ధం, పుచ్చుకోవాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు, కమిటీ ఒప్పుకుంది. ఒక్క మీట నొక్కితే చాలు. చెయ్యి రావడం లేదు. బాబాయి వైపు చూసింది.

భానోజీరావు లేచి వచ్చి భార్య వెనక నిలబడ్డాడు. టోపీ తనే విప్పడం మొదలుపెట్టాడు. తెల్లవెంట్రుకలు తీగల్లో చిక్కుకుంటే నొప్పి పెట్టకుండా ఒక్కొక్కటే విడదీశాడు. ఒకప్పుడు నలిగిన టేపుని సరిచేసిన చేతులవి.

"ఇది నాకెందుకే పిచ్చిదానా?" అన్నాడు. "ఇది నేనొస్తున్నానని నీకుండేది. తీసి నాకు పెడితే రేపు నేను లోపలికొస్తుంటే ఎవరొచ్చారో అన్నట్టు చూస్తావు. అప్పుడు నేనెక్కడికి రాను?"

సీతారత్నం కుర్చీలోంచి లేచింది. క్యారేజీ ఖాళీ గిన్నెలు సర్దుకుని, ఆటో వద్దని, ఇద్దరూ నడిచే వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే బాబాయి ఏదో చెబుతున్నాడు, పిన్ని వినిపించుకోనట్టు పక్కకి చూస్తూ నవ్వుతోంది. హైమ యంత్రం కట్టేసింది.

* * *

వారం గడిచాక మధ్యాహ్నం వేళ హైమ ఆ ఇంటికి వెళ్ళింది. ముందుగది షట్టరు తెరిచి ఉంది. బల్ల మీద ఎవరివో పాత క్యాసెట్లు, వాటిని ఫోన్లోకి ఎక్కించి ఇవ్వమని తెచ్చి ఇచ్చారట. బాబాయి దూదీ స్పిరిటూ పట్టుకుని టేప్ రికార్డరు తుడుస్తున్నాడు.

"రావే. నీ పాట పెట్టనా? వద్దులే, నేనే చెప్తాను విను. ఆ మలుపు తిరిగేటప్పుడు నీకు కడుపులో గిలిగింత పుట్టేదే, తెలుసా? చెరువు వాసనొచ్చేది. నువ్వు కళ్ళు మూసుకునేదానివి." తన చిన్నతనాన్ని తనకే ఎవరో వర్ణిస్తుంటే హైమ స్టూలు మీద కూర్చుని శ్రద్ధగా విన్నది. అది పులకరింత కాదు. అయినా వినాలనిపించింది, రేపు కూడా వచ్చి వినాలనిపించింది.

ఆఖరి క్యాసెట్టు అయ్యాక ఆయన వేణువు పాట పెట్టాడు.

"ఇది ఇంకా ఎందుకు బాబాయ్? ఇద్దరికీ పడదు కదా?"

"ఉండు, ఉండు."

పాట సాగింది. శ్రుతి తప్పిన చోట ఆయన మొహం చిట్లించాడు. రెండో చరణమైంది. ఆయన కుర్చీ అంచుకి జరిగాడు. చేతిలో దూది బల్ల మీద పడేశాడు. చెప్పులు వెతుక్కున్నాడు. ఆఖరి పల్లవి ఇంకా కాకముందే లేచి నిలబడ్డాడు.

"పాటంతా ఉత్త చప్పుడేనే హైమా" అన్నాడు, లోపలి గుమ్మం వైపు చూస్తూ. "కానీ అయిపోవస్తుంటే కాళ్ళు నిలవడం లేదు."

పాట ఆగింది. వంటింట్లో కంచాలు పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆయన వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. హైమ లేచి, షట్టరు తనే దించి, వీధిలోకి వచ్చేసింది.